సచ్చినోళ్ల కత మనకెందుకప్పా?

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో పొద్దున్నే ఉగ్గాని తింటుంటే పక్క బల్ల దగ్గర ఒక పరామర్శ నడిచింది.

"ఏమప్పా, నీ కూతురు బీఏలో చేరిందంట?"

"ఆ, చేరిందన్నా."

"ఏం, ఇంటర్లో మార్కులు రాలేదా?"

"మార్కులకేం, బాగానే వచ్చినాయి. హిస్టరీనే చదువుతానంటాంది."

అడిగినాయన రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. సగం కొరికిన మిరపకాయ బజ్జీ ప్లేటులో పెట్టేశాడు. "సచ్చినోళ్ల కత ఆ పిల్లకెందుకప్పా?" అన్నాడు. తండ్రి, అప్పు ఎగ్గొట్టి సంతలో దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు.

పెద్దాయన బాధ నాకు అర్థమైంది. మాది రైల్వే ఊరు. ఇక్కడ ఏదైనా కదలాలి, లేదా దేన్నైనా లాగాలి. రెండూ చేతకాకపోతే పాత ఇనుము కింద వేలానికి పోవాలి. డీజిల్ షెడ్డులో చాళుక్యులకేం పని? చదువులకు కూడా మేం ఎప్పుడో టైంటేబులు వేసుకున్నాం. ఎంపీసీ సూపర్‌ఫాస్టు, బైపీసీ ఎక్స్‌ప్రెస్సు, సీఈసీ ప్యాసింజరు. హెచ్ఈసీ గూడ్సు. అందరూ వెళ్లిపోయేదాకా లూప్‌లైన్లో నిలబడాలి.

ఇక సూపర్‌ఫాస్టు ఎక్కినవాళ్ల సంగతి చూద్దాం. ఆ పెద్దాయన కొడుకు బీటెక్ మెకానికల్. చదువు అయిపోయి నాలుగేళ్లు. అనంతపురంలో మరో ముగ్గురితో రూము తీసుకుని గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాడు. ఊరి నుంచి పంపిన పచ్చడి డబ్బా ఇవ్వడానికి ఒకసారి ఆ రూముకు వెళ్లాను. థర్మోడైనమిక్స్ పుస్తకం గ్యాస్ స్టవ్ ఒక కాలు కింద ఎత్తుకు పెట్టి ఉంది. గోడ నిండా స్కెచ్ పెన్నుతో రాజవంశాలు. శాతవాహనుల దగ్గర మొదలై, ఇక్ష్వాకులూ విష్ణుకుండినులూ దాటి, రెడ్డిరాజుల దగ్గర కిటికీ అడ్డం వచ్చి ఆగిపోయాయి. అద్దం పక్కన ప్రాథమిక హక్కులు, 12 నుంచి 35 దాకా. పిల్లోడు తల దువ్వుకుంటూ రాజ్యాంగం వల్లిస్తున్నాడు.

తప్పేం లేదు, పరీక్షే అట్లా ఉంది. 2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్ తీసి చూడండి. ప్రిలిమ్స్ 150 మార్కుల్లో చరిత్రకు 30, భూగోళానికి 30, భారతీయ సమాజానికి 30. మెయిన్స్ 300 మార్కుల్లో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ కలిపి 225. మెకానికల్ ఇంజినీరింగుకు సున్నా. అంటే ప్రభుత్వ కాలేజీలో మూడేళ్లు కూర్చుని చదివితే అది సచ్చినోళ్ల కత. అదే ముక్క కోచింగ్ సెంటర్లో వేలకు వేలు కట్టి ఆర్నెల్లు బట్టీ పెడితే కాంపిటీటివ్. శాతవాహనులకు రశీదుంటే తప్ప మన ఇళ్లలో మర్యాద లేదు.

సర్కారు తక్కువ తిన్నదేం కాదు. చరిత్ర, ఆర్థికం, రాజనీతి మూడూ సమానంగా చదివే పాత బీఏని పక్కనబెట్టి 2023-24 నుంచి సింగిల్ మేజరు తెచ్చింది. అదే ఏడాది గ్రూప్-2లో మూడూ కలిపి అడిగింది. ఒక చేత్తో పలక లాక్కుని రెండో చేత్తో దిద్దమన్నట్టు.

1981లో అనంతపురంలో యూనివర్సిటీ పెట్టి శ్రీకృష్ణదేవరాయల పేరు పెట్టుకున్నాం. సంతోషం. ఆయన రాసిన పుస్తకం చదివే తెలుగు శాఖలో పిల్లను చేర్చమంటే మాత్రం "ఎమ్మే తెలుగు చేసి ఏం పీకుతాది?" అంటాం. ఆముక్తమాల్యదలో రాజనీతి భాగం ఉంది. దేశం చిన్నదైనా సరే, కుంటలూ కాలువలూ తవ్వించి, పేదవాడికి పన్నులో, కోరులో సడలింపు ఇస్తే ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయంటాడు రాయలు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే మహాభాగ్యమనుకునే జిల్లాకు ఐదొందల ఏళ్ల కిందటే రాసిపెట్టిన సలహా అది. కవిత్వంలో ఉంది కాబట్టి పనికిరాదు. పవర్‌పాయింట్‌లో ఉంటే చూసేవాళ్లం.

సరే, రాజులు వద్దు. మా రైలే తీసుకుందాం. మద్రాసు నుంచి గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా వచ్చిన పట్టాలు రాయచూరులో బొంబాయి లైనుతో కలిసింది 1871లో. ఐదేళ్లు తిరిగేసరికి, 1876లో మహా కరువు మొదలైంది. అప్పటికి మేమంతా బళ్లారి జిల్లా. ఆ కరువుకు ఎక్కువ బలైన చోట్లలో మాదొకటి. కరువు పనుల్లో రోజంతా రాళ్లు కొట్టే కూలికి ఒక పౌను గింజలు చాలన్నాడు, కరువు చూడమని సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర. అరకిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దెబ్బలాడాడు. రైలు ఉంది, గింజలు మోసింది, అయినా కొనడానికి కూలివాడి దగ్గర డబ్బు లేదు. ఇంజిను నడపడానికి ఇంజినీరు చాలు. ఇంజిను వచ్చాక కూడా జనం ఎందుకు చచ్చారో చెప్పాలంటే ఆ "సచ్చినోళ్ల కత" ఎవరో ఒకరు చదవాలి కదప్పా! ప్రతి ఏడూ వేరుశెనగ ఎండిపోతుంటే ఆకాశం వైపు చూసే ఊరికి ఈ ప్రశ్న అక్కర్లేదంటే నేనేం చెప్పను?

బీఏ బంగారమని నేననను. మా కాలంలోనే పరీక్షకు వారం ముందు గైడు కొని గట్టెక్కినవాళ్లం. ఇప్పుడు లెక్చరర్ పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీగా పెట్టి, గెస్టు ఫ్యాకల్టీకి జీతం ఎప్పుడిస్తారో చెప్పకుండా నెట్టుకొస్తూ, చివరికి "పిల్లలు చేరడం లేదు, కోర్సు ఎత్తేస్తాం" అంటున్నారు. బావికి తాడు తీసేసి నీళ్లు లేవన్నట్టుంది.

1916లో మొదలైన అనంతపురం ఆర్ట్స్ కాలేజీ ఇద్దరు రాష్ట్రపతుల పేర్లు గర్వంగా చెప్పుకుంటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ కొన్నాళ్లు పాఠం చెప్పారు. నీలం సంజీవరెడ్డి అక్కడ చదువుతూ చదువుతూ 1931లో మానేసి ఉద్యమంలోకి వెళ్లారు. ఆ రాధాకృష్ణన్ ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నారంటే, దాయాది ఒకాయన చదివేసిన పాత పుస్తకాలు ఊరికే దొరికాయని. మార్కెట్ సర్వే చేసి కాదు.

ఇది చదివి మా ఊరు మారిందని అనుకోకండి. మారలేదు. కాకపోతే మొన్న ఆదివారం ఆ బీఏ పిల్ల ఇంటికి ఫోనొచ్చింది. చేసింది పెద్దాయన కొడుకే.

"అమ్మీ, నీ ఫస్టియర్ హిస్టరీ నోట్సు ఒకసారి ఇస్తావా? కోచింగోళ్ల మెటీరియల్ అర్థం కావడం ల్యా."

పిల్ల ఇస్తానంది. మీ ఇంట్లో కూడా బీటెక్ పూర్తయినవాళ్లు ఉంటే కబురు చేయండి. జిరాక్సు ఖర్చు మాత్రం మీదే.