రిమోట్ పడవకు పునరాగమన వ్యాఖ్య

అవతారిక

పడవతోపాటు డబ్బాలో వచ్చే సూచనల కాగితాన్ని చివరిదాకా చదివినవాడు లేడు. ఆ లోకరీతి తెలిసిన చెరువుగట్టు కవి ఒకడు కాగితంలోని సారాన్ని రెండు ఆటవెలదుల్లోకి కుదించాడు. పద్యాలు తేలికగానే ఉన్నాయి. తేలికగా ఉన్నవాటికే వ్యాఖ్యానం అవసరం.

వ్యాఖ్యకు ముందు ప్రయోజనం చెప్పాలి. వేగమే ఈ శాస్త్రానికి ప్రయోజనమని కొందరి మతం. అది నిలవదు. రిమోట్ కారు ఆగిపోతే నడిచి వెళ్లి తెచ్చుకుంటాం. పడవ నడిచెరువులో ఆగితే కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. కనుక పునరాగమనమే పరమ ప్రయోజనం. ఇక అధికారి ఎవరంటే, ఓపికా, జేబులో కొంత డబ్బూ ఉన్నవాడు. ఈత రాకపోయినా ఫరవాలేదు. వచ్చినవాడికే భయమెక్కువ, ఆగిన పడవ కోసం దూకుతాడు.

ప్రథమ పద్యం

ముందు చేతి పెట్టె మొదలుపెట్టి పిదప
నీటి పడవ నిప్పు నింపవలయు
నాపువేళ పడవ నాపి పెట్టెను మాన్పు
తప్పెనేని పడవ దక్కదయ్య

ప్రతిపదార్థం: ముందు = గట్టు మీద మరే పనీ చెయ్యకముందు; చేతి పెట్టె = చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటరును; మొదలుపెట్టి = స్విచ్చి వేసి, మీట నడుమనే ఉన్నదని చూసుకొని; పిదప = ఆ తరువాత మాత్రమే; నీటి పడవన్ = నీట దిగబోయే పడవలో; నిప్పు = బ్యాటరీ కరెంటును; నింపవలయున్ = తీగ కలిపి పారించాలి; ఆపువేళ = ఆట ముగించేటప్పుడు; పడవన్ ఆపి = మొదట పడవలోని బ్యాటరీ ఊడదీసి; పెట్టెను మాన్పు = ట్రాన్స్‌మిటరును ఆ పిమ్మట కట్టెయ్యి; తప్పెనేని = ఈ వరస తప్పితే; దక్కదు = చేతికి రాదు; అయ్య = ఓ నాయనా. (ఈ సంబోధన పక్కన గంతులేస్తున్న పిల్లవాడికి కాదు, వాడి పేరు చెప్పి పడవ కొన్న తండ్రికి.)

తాత్పర్యం: ఆజ్ఞ ఇచ్చేవాడు ముందు లేవాలి, అందరికన్నా వెనక నిద్రపోవాలి.

విశేషం: కారణం చెబుతున్నాం. పడవలోని రిసీవరు మేలుకొని ఉండి ట్రాన్స్‌మిటరు మాట్లాడకపోతే, పాతకాలపు 27 మెగాహెర్ట్జ్ సెట్లలో అది గాలిలోని ఏ రొదనైనా యజమాని మాటగా తీసుకొనేది. మోటారు దానంతటదే తిరిగేది. ఇక్కడ పూర్వపక్షం: ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు, జత కలిపిన ట్రాన్స్‌మిటరు మాట తప్ప వినవు, సంకేతం తెగితే మోటారును ఆపే ఫెయిల్‌సేఫ్ ఉంది, మరి పద్యం చెల్లిపోయినట్టే కదా? సమాధానం: ఫెయిల్‌సేఫ్ ఉన్నదనడం వేరు, దాన్ని సరిగా అమర్చామనడం వేరు. పడవను పీట మీద బిగించి, ప్రొపెల్లరు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటరు కట్టేసి చూడాలి. ప్రొపెల్లరు ఆగితే ఫెయిల్‌సేఫ్ ఉన్నట్టు. ఆగకపోతే పద్యమే గతి.

ఆ పరీక్షలో వేళ్లూ, లుంగీ అంచూ దూరంగా ఉండాలి. ఎందుకో లెక్క చూడండి. మోటారు మీద 2000 కేవీ అని రాసి ఉంటే, వోల్టుకు నిమిషానికి 2000 చుట్లని అర్థం. మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 11.1 వోల్టులు. భారం లేనప్పుడు ఇది 22,200 చుట్ల లెక్క. ప్రొపెల్లరు అంచును సానబట్టి వాడేవాళ్లున్నారు కూడాను.

"నిప్పు" అనడం అలంకారమని కొందరు. లైపో విషయంలో ఇది స్వభావోక్తి. సెల్లుకు 4.2 వోల్టులు మించి ఛార్జి చెయ్యకూడదు, 3 వోల్టుల కిందికి దించకూడదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లతో ఛార్జి చెయ్యడం సంప్రదాయం. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జరుకు తగిలించరాదు. ఛార్జింగుకు పెట్టి సినిమాకు వెళ్లరాదు. వారాల తరబడి వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి. పునరాగమనానికీ దీనికీ సంబంధముంది: మోటారు సగటున 60 ఆంపియర్లు తాగితే ఆ బ్యాటరీ అంతా కలిపి 5 నిమిషాలు. అందులో చివరి నిమిషం ఆటది కాదు, ఇంటిదారిది. ట్రాన్స్‌మిటరులోని టైమరు 4 నిమిషాలకే మోగేట్టు పెట్టుకోవడం వ్యాఖ్యాతకు సమ్మతం.

"చేతి పెట్టె"కు చరిత్ర కూడా ఉంది. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా తీగ లేకుండా ఒక పడవను నడిపి చూపించాడు. అదే ఏడు నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది, సంఖ్య 613,809. 64కు ఘనమూలం ఎంతని జనం అడిగితే పడవ దీపాలు నాలుగుసార్లు వెలిగాయని చెబుతారు. వెలిగించింది టెస్లాయే. అంటే ఈ శాస్త్రానికి మూలపురుషుడైన ఆయన కూడా గట్టున నిలబడి పడవ పేరిట తానే జవాబు చెప్పాడన్నమాట. మన తండ్రులు అదే పని నేటికీ చేస్తున్నారు, "వాడికి చాలా సరదా అండీ" అంటూ.

కవి ఒక్క విషయం వదిలేశాడు. అది గ్రంథలోపమే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీటిలో దూరం పోలేదు. కనుక రిసీవరు యాంటెన్నా పడవ అడుగున చుట్టుకొని పడి ఉండకూడదు, నీటిమట్టానికి పైన నిటారుగా ఉండాలి. బరువు మాట కూడా ఎత్తలేదు. వేగపు పడవలో బరువు కేంద్రం వెనక అంచు నుంచి పొడవులో సుమారు 30 శాతం దగ్గర ఉండేట్టు బ్యాటరీని వెల్క్రో మీద ముందుకూ వెనక్కూ జరపాలి. ముక్కు గాలికి లేచి తిరగబడుతుంటే ముందుకు, నీళ్లు తవ్వుతుంటే వెనక్కు.

ద్వితీయ పద్యం

పక్క తూటు నుండి పారెడు ధారయే
ప్రాణవాయువయ్య పడవ కెపుడు
కానరాని యెడల గట్టుకు దిప్పుము
మోటరుడికి చచ్చు ముందుగానె

ప్రతిపదార్థం: పక్క తూటు = పడవ పక్కనున్న సన్నని రంధ్రం; పారెడు ధార = చిమ్మే నీరు; ప్రాణవాయువు = బతుకు. తక్కినవి స్పష్టం.

తాత్పర్యం: పడవ పక్కనుంచి నీళ్లు చిమ్మకపోతే ఆట ఆపి వెనక్కి రా.

విశేషం: పడవ వెనక, తరచు చుక్కాని దగ్గరే, ఒక చిన్న నోరుంటుంది. పడవ ముందుకు దూసుకుపోయే వేగానికి నీరు ఆ నోట్లో దూరి, సిలికాన్ గొట్టంలోంచి వేగ నియంత్రకాన్నీ మోటారు చుట్టూ ఉన్న తొడుగునూ చల్లబరిచి, పక్క తూటులోంచి బయటపడుతుంది. పంపు లేదు. పడవ కదలకపోతే నీరూ కదలదు. దీన్ని మరచినవాడు గుర్రపుడెక్కలో చిక్కుకున్న పడవను పూర్తి వేగం ఇచ్చి విడిపించాలని చూస్తాడు. ఊడలు ప్రొపెల్లరును పట్టేస్తాయి, మోటారు అక్కడే ఉడుకుతుంది. వేడికి అందులోని అయస్కాంతాల బలం తగ్గుతుంది, తగ్గిన బలం చల్లారాక తిరిగి రాకపోవచ్చు. నోట నీళ్లు పీల్చి బతికే జీవి గట్టున పడి ఆయాసపడటం చూశాం కదా, అదే.

ఇక్కడ విరోధాభాసం ఉంది, చూడదగ్గది. గొట్టంలోని నీరు మందు, దానికి అంగుళం పక్కన పొట్టలోకి చేరిన నీరు విషం. అందుకే డెక్ మూత చుట్టూ పారదర్శక టేపు తిప్పి వేస్తారు. మోటారు నుంచి ప్రొపెల్లరుకు పోయే మెలి ఇనుప ఇరుసు ఉన్న గొట్టంలో గ్రీజు కూరుతారు. గ్రీజుకు రెండు పనులు: ఇరుసు అరగకుండా చూడటం, నీరు పైకి ఎగబాకకుండా అడ్డుకోవడం. ఇంటికొచ్చాక ఇరుసును బయటికి లాగి తుడిచి మళ్లీ గ్రీజు రాయమని పెద్దలంటారు. వింటారా, వినరు. మరుసటి ఆదివారం తుప్పు చప్పుడు వింటారు. పడవ పొట్టలో ఖాళీ ఉన్నచోటల్లా నురుగు ముక్కలు కూరితే, నీరు చేరినా మునగదు. మునగకపోవడం పునరాగమనంలో సగం.

ధార ఏ పక్క చిమ్మాలనే దానిపై కవి మౌనం. మీరు నిలబడే వైపుకు కనిపించేట్టు తూటు పెట్టుకోవాలి, ఎండకు ఎదురుగా నిలబడకూడదు.

"గట్టుకు దిప్పుము" అన్నది తిరగగలిగే పడవకే వర్తిస్తుంది. ఆగిపోయినదానికి విధి వేరు. గాలం కర్రకు టెన్నిస్ బంతి కట్టి, పడవ అవతలికి విసిరి, దారాన్ని మెల్లగా చుట్టుకుంటూ రావడం ఉత్తమం. గాలి మీద భారం వేసి ఎదుటి గట్టుకు నడిచి వెళ్లి కూర్చోవడం మధ్యమం, సాయంత్రమవుతుంది. తెలంగాణ చెరువుల్లో మూడోదారి కూడా ఉంది: వల తీస్తున్న బెస్తవాళ్ల థర్మాకోల్ తెప్ప.

"ఏంది సారూ, మళ్ల ఆగిందా?" అని తెప్ప మీది మనిషి అడుగుతాడు.

"ఆగిందన్నా. జర తెచ్చిస్తవా?"

"తెస్త. మోటర్ బందైందా, తిరుగుతున్నదా? చెయ్యి పెట్టొచ్చా?"

ఇది చెప్పుకోదగ్గ ప్రశ్న. ట్రాన్స్‌మిటరు కట్టకుండా, మీట నడుమనుంచి కదపకుండా పట్టుకొని నిలబడాలి. ప్రథమ పద్యంలోని మూడో పాదానికి అసలు సందర్భం ఇదేనని వ్యాఖ్యాత అభిప్రాయం. తెప్ప మనిషికి ఇవ్వవలసిన సొమ్ము గురించి కవి ఎక్కడా చెప్పలేదు. ఆ మనిషే చెబుతాడు.