చదరపు అడుగుల అడవి

వికారాబాద్ నుంచి ధారూర్ మీదుగా తాండూరు పోయే దారి పొడవునా సింహాలే. బడి గోడ మీద రెండు, అంగన్‌వాడీ మీద ఒకటి, పార్కు ప్రహరీ మీద పిల్లాపాపలతో ఓ నిండు సంసారం. మన దేశంలో అడవి సింహాలు గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా లేవని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ తాండూరు బస్సెక్కినట్టు లేరు.

ఈ సింహాలన్నిటికీ ప్రాణం పోసినవాణ్ణి ఊళ్ళో "ఆర్టిస్టన్న" అంటారు. అసలు పేరు అక్కర్లేదు. ఏ మండల కేంద్రంలో వెతికినా అలాంటివాడు ఒకడు దొరుకుతాడు. ఎక్సెల్ బండి వెనక నిచ్చెన, ముందు రంగు డబ్బాలు, చెవి మీద చాక్‌పీసు. చొక్కా చూస్తే చాలు, ఈ ఏడాది చిలుకలు ఎక్కువ పడ్డాయో ఏనుగులు ఎక్కువ పడ్డాయో తెలిసిపోతుంది. జేబులో విజిటింగ్ కార్డు. దాని మీద "వైల్డ్ లైఫ్, మ్యూజియం, వాల్ ఆర్ట్" అని లావు అక్షరాలు. వాటి కింద సన్నగా "నంబర్ ప్లేట్లు, షట్టర్లు, గణపతులకు రంగులు". ఇల్లు గడిచేది ఆ సన్న అక్షరాల మీదే.

కార్డు మీద మ్యూజియం ఏమిటని ఎవరైనా అడిగితే హైదరాబాద్ వైపు చెయ్యి చూపిస్తాడు. నెహ్రూ జూపార్కులో నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉంది, బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ ఉంది. రెండిట్లోనూ తిరిగొచ్చాడు, టికెట్టు కొనుక్కుని. అదీ అనుభవమే కదా.

మొదట్లో ఆయన అక్షరాల మనిషి. కిరాణా కొట్టు బోర్డు నుంచి సిమెంటు ప్రకటన దాకా తాండూరు గోడలన్నీ ఆయన రాతే. ఫ్లెక్సీ మిషను వచ్చింది, అక్షరాలన్నీ దాని పాలయ్యాయి. సరిగ్గా అప్పుడే సర్కారుకు గోడల మీద మమకారం పుట్టింది. 2016లో స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలైంది, 2020లో పట్టణ ప్రగతి వచ్చింది. బొమ్మ వేయిస్తే ఆ గోడ పక్కన చెత్త పొయ్యరని ఒక నమ్మకం. ఏ బొమ్మ వెయ్యాలి? దేవుడి బొమ్మ వేస్తే పంచాయితీ, నాయకుడి బొమ్మ వేస్తే ఎన్నికలప్పుడు సున్నం. జంతువుకైతే పార్టీ లేదు. పూర్తిగా లేదని కూడా చెప్పలేం. 2012 ఎన్నికల ముందు ఉత్తరప్రదేశ్‌లో ఏనుగు విగ్రహాలకు ఎన్నికల సంఘం ముసుగులు కప్పించిన సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. అప్పట్నుంచి ఏనుగును ఒంటరిగా గియ్యడు. పక్కన ఓ పిల్ల ఏనుగు ఉండాల్సిందే. "ఇది ఫ్యామిలీ సార్, పార్టీ గాదు" అనడానికి వీలుగా.

పని పద్ధతి మాత్రం పక్కా. ఫోన్లో పులి ఫొటో, దాని మీద గళ్ళు. దారానికి రంగుపొడి పట్టించి గోడకు కొట్టి అవే గళ్ళు పెద్దవిగా వేస్తాడు. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కిస్తాడు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో జేమ్స్ పెర్రీ విల్సన్ అనే ఆయన చేసిందీ ఈ గళ్ళ పనే. ఆయన మొదట భవనాల ఆర్కిటెక్టు. 1930లలో మ్యూజియంలో చేరి, నిలబెట్టిన జంతు నమూనాల వెనక కనిపించే ఆకాశాలూ కొండలూ గీశాడు. అక్కడి గోడ గుండ్రంగా వంగి ఉంటుంది. తిన్నగా గీస్తే కొండ వంకరపోతుంది. అందుకని వంపుకు తగ్గట్టు గళ్ళనే సాగదీసి, చూసేవాడికి గోడ ఉన్నట్టే తెలియకుండా చేశాడు.

తాండూరులో గోడ ఉన్నట్టు తెలియకుండా చెయ్యడం విల్సన్ వల్ల కూడా కాదు. ఇక్కడ ప్రహరీ అంటే నిలువునా పాతిన నాపరాళ్ళు. బండకూ బండకూ మధ్య సందు. పులి నడుము సరిగ్గా ఆ సందులో పడుతుంది. ముందు సగం ఒక బండ మీద, వెనక సగం ఇంకో బండ మీద. ఎవరైనా ఓ బండ పీక్కుపోతే పులికి తోక మిగలదు. పైగా ఆ రాయి మామూలు రాయి కాదు. డైనోసార్లు పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందే సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. ఆర్టిస్టన్న దాని మీద డైనోసార్ గీసి "అతి ప్రాచీన జీవి" అని కింద రాస్తాడు. జీవికన్నా బండే ముసలిది.

డైనోసార్ అంటే ఆయనకు సినిమాలో కారును నమిలే రకమే. మన సొంత డైనోసార్ ఒకటుంది: కోటాసారస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితే ఎముకలు దొరికాయి. 1988లో యాదగిరి అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు. బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం అదే. పొడుగు మెడ, ఆకులు అలములు తినే సాధువు. ఆర్టిస్టన్న దాన్ని కళ్ళారా చూసొచ్చి మరీ దానికి కోరలు పెట్టాడు. "ఆకులు తినేదాన్ని జూసి పిల్లలు భయపడ్తరా సార్?"

అలాగని ఆయన్ను వేళాకోళం చేసేవాళ్ళు ఒకసారి 1515 దాకా వెళ్ళి రావాలి. గుజరాత్ సుల్తాను కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం ఆ ఏడాది ఓడెక్కి లిస్బన్ చేరింది. జర్మనీలో ఉన్న ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాన్ని చూడనేలేదు. ఎవరో రాసిన వర్ణనా, ఓ చిన్న బొమ్మా ఆధారంగా చెక్క అచ్చుకు బొమ్మ గీసేశాడు. ఒంటికి ఇనుప కవచంలాంటి పలకలు వేశాడు, భుజాల మధ్య అదనంగా ఇంకో చిన్న కొమ్ము మొలిపించాడు. ఐరోపా పుస్తకాలు రెండు శతాబ్దాలకు పైగా దాన్నే అచ్చువేసుకున్నాయి. మన వైపు జహంగీర్ ఆస్థానంలో ఉస్తాద్ మన్సూర్ అదృష్టవంతుడు. ఆయన గీసిన జీబ్రా నిజంగానే దర్బారుకు వచ్చింది. ఆ చారలు రంగు వేసినవేమోనని అక్కడివాళ్ళకే అనుమానం వస్తే, పరీక్షించి చూసి దేవుడు వేసినవేనని తేల్చుకున్నారు. ఆర్టిస్టన్న జీబ్రాను ఏ దర్బారూ పరీక్షించలేదు. హెడ్మాస్టరు సారు మాత్రం పరీక్షిస్తాడు, అందులోనూ బయాలజీ సారయితే మరీ.

"అన్నా, పిల్లకు పాలిస్తున్న జింకకు కొమ్ములేంది? మగదానికే గద ఉంటయి?"

"కొమ్ముల్లేకుంటే మేక అనుకుంటరు సార్."

"రాష్ట్ర జంతువు అది. తప్పు పోవద్దు. తీసెయ్."

"తీసేస్త సార్. రెండు ఫీట్లు తగ్గుతది. ఎంబీల ఎక్కిచ్చిన కొలత మీరే దిద్దుకోవాలె."

కొమ్ములు అలాగే ఉన్నాయి. ఆ ముక్కకొస్తే, గోడ మీద ప్రకృతిని శాసించేది ఆ ఎంబీయే, అంటే కొలతల పుస్తకమే. చదరపు అడుగుకు ఇంత అని రేటు గనక కుందేలు గిట్టదు, ఏనుగు గిడుతుంది. జిరాఫీ ఎత్తు గోడ దొరికితే పండగ. ధ్రువపు ఎలుగుబంటి ఉత్తర ధ్రువంవైపు, పెంగ్విన్లు భూమికి ఆ చివర దక్షిణాన ఉంటాయి. మే నెల ఎండలో తాండూరు గోడ మీద ఆ రెండూ భుజం మీద చెయ్యేసుకుని నిలబడతాయి. మంచు తెల్లగా ఉంటుంది, ప్రైమరు కూడా తెల్లగానే ఉంటుంది. ఒక కోటు రంగు మిగిలినట్టే.

అన్ని తప్పులూ ఆయన ఖాతాలో రాయడం న్యాయం కాదు. పాలపిట్ట విషయమే తీసుకుందాం. దసరానాడు దాన్ని చూస్తే మంచిదని ఊళ్ళకు ఊళ్ళు పొలిమేర దాకా పోతాయి. రోడ్డు పక్కన కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది చాలావరకు మట్టిరంగులోనే కనిపిస్తుంది. రెక్క విప్పితేనే నీలం బయటపడుతుంది. రోజూ ఆ తీగల కింద బండి నడిపే ఆర్టిస్టన్నకు ఇది బాగా తెలుసు. కూర్చున్న పిట్టను అలాగే గీశాడు. "ఇది పిచ్చుకనా ఏంది?" అన్నారు బిల్లు పాస్ చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ పిట్ట తల నుంచి కాళ్ళ దాకా నీలిమందు.

ఆయన నిజంగా ఎంత గొప్పవాడో తెలియాలంటే పులిని వదిలేసి పులి వెనక చూడాలి. మ్యూజియంలో ఏ మొక్క ఏ అడవిదో చెప్పగలిగేంత కచ్చితంగా గీస్తారు. ఆర్టిస్టన్న పులి కందిచేలో నిలబడుతుంది. మనిషెత్తు కంది, పసుపు పూల మీద సన్నని ఎర్ర గీతలు, గుత్తులుగా వేలాడే కాయలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాగితం రాకముందే ఇక్కడి గోడల మీద ఆ పైరు ఆకుతో సహా పండింది. ఆయన చిన్నప్పటినుంచి చూసిన చేను అది. ఫోన్లో వెతకాల్సిన పని లేదు, గళ్ళూ అక్కర్లేదు.

కోతులూ అంతే. అనంతగిరి గుట్ట మీద, పద్మనాభస్వామి గుడి మెట్ల దగ్గర అవి ఎన్నోసార్లు ఆయన సద్దిమూట ఎత్తుకుపోయాయి. అందువల్ల వాటి వేళ్ళు, చూపు, పారిపోయే ముందు భుజం వంచే తీరు, అన్నీ ఆయనకు కంఠోపాఠం. కానీ గోడ మీద కోతిని వెయ్యమని ఎవరూ అడగరు. ఊళ్ళో ఉన్నవి చాలంటారు. దాంతో పని ముగిసిన సాయంత్రం డబ్బాల అడుగున మిగిలిన రంగుతో బడి వెనక, నల్లాల గోడ మీద వేస్తాడు. దొంగిలించిన అరటిపండును ఒలుస్తున్న తల్లి కోతి, పొట్టకు కరుచుకున్న పిల్ల, పక్కన నెమరువేస్తున్న బర్రె.

ఏ పెద్దసారో తనిఖీకి వచ్చి ముందున్న సింహాలను దాటేసి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోతాడు. ఫోన్ తీసి నాలుగు ఫొటోలు కొట్టి "ఎవరండీ ఇది వేసింది?" అంటాడు. హెడ్మాస్టరు కంగారుపడి, "అదా సార్, ఏదో మిగిలిన రంగుతోని... దానికి మేం బిల్లు పెట్టలే" అంటాడు.

మర్నాడు పొద్దున్నే ఆర్టిస్టన్న టేపు పట్టుకుని నల్లాల గోడ దగ్గర తయారు. పన్నెండు బై ఏడు. బర్రె తోక గోడ అంచు దాటి స్తంభం మీదికి తిరిగింది. అది వేరే ఫీటు.