కొత్తిమీర శౌర్యం

నారాయణగూడ మార్కెట్లో కొత్తిమీర కట్ట దగ్గర మా బావ బేరం చూసి తీరాలి. పదికి రెండంటే మూడంటాడు. ముసలమ్మ సరేనంటే నాలుగు పచ్చిమిరపకాయలు కొసరమంటాడు. కొసరితే, అంత సులువుగా ఎందుకిచ్చిందా అని గంప వంక అనుమానంగా చూస్తాడు. ఈ శూరుణ్ణి ముందుపెట్టుకుని, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడికి బండి కొనడానికి కాచిగూడలో ఒక షోరూముకి వెళ్లాం.

అద్దాల తలుపు తీయగానే ఏసీ గాలి తగిలింది. బావ గొంతు గుమ్మంలోనే పడిపోయింది. టై కట్టుకున్న కుర్రాడు చల్లటి నీళ్లిచ్చి కొటేషన్ చేతిలో పెడితే, తీర్థంలా రెండు చేతులతో అందుకున్నాడు.

గోడ మీద పెద్ద బ్యానరు: ధర తగ్గింపు, మా పండగ కానుక! 350 సీసీ దాకా బళ్లకి జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది 2025 సెప్టెంబరు 22న. దించింది జీఎస్‌టీ కౌన్సిల్. దండ మాత్రం షోరూము మెడలో.

కొటేషన్‌లో మొదటి వరస ఎక్స్‌షోరూమ్ ధర. అది కంపెనీదట, ముట్టుకోకూడదు. రెండోది లైఫ్ ట్యాక్స్. సర్కారుది, ముడితే పాపం. ఆ తర్వాత మొదలైంది కవిత్వం. హ్యాండ్లింగ్ ఛార్జీలు 2,500. దేన్ని హ్యాండిల్ చేశారు నాయనా అంటే, “గోడౌన్ నుంచి తేవాలి కద సార్” అన్నాడు. అంటే, వాళ్ల సరుకు వాళ్ల కొట్లోకి వాళ్లు తెచ్చుకున్నందుకు కూలి మనం ఇవ్వాలి. ఈ లెక్కన తెల్లారకముందే గంప నెత్తినెత్తుకున్న ముసలమ్మ, మెడనొప్పి కింద కట్టకెంత వేయాలి?

ఇన్సూరెన్స్ వరసలో తొమ్మిది వేలు దాటింది. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, నిజమే. 125 సీసీకి 2022లో కేంద్రం ఖరారు చేసిన ప్రీమియం 3,851 రూపాయలు, పైన జీఎస్‌టీ. మిగతాది చాలావరకు మన ఇష్టం, ఎక్కడ కొనుక్కున్నా మన ఇష్టం. “పాలసీ బయట తీసుకుంటాం” అన్నాను. కుర్రాడి నవ్వు ఆరిపోయింది. “అయితే డెలివరీకి నలభై అయిదు రోజులు సార్.” బండేమో మా మోకాలికి తగులుతూ నిలబడి ఉంది.

బావ గొంతు సవరించుకుని, ఏమైనా చూడండి, అన్నాడు. ‘చూడండి’! ముసలమ్మతో ఎన్నడూ అనని మాట. కుర్రాడు మేనేజరు గదిలోకి వెళ్లాడు. అద్దంలోంచి మాకు కనపడేలా మేనేజరు తల అడ్డంగా ఊపాడు, నుదురు పట్టుకున్నాడు, చివరికి పెన్ను విసిరేశాడు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో చాలా నాటకాలు చూశాను గానీ ఇంత మంచి మూకాభినయం చూడలేదు.

“మీకని 1,500 తగ్గించారు సార్. హెల్మెట్ ఫ్రీ!”

బావ ఛాతీ పొంగింది. బండితో పాటు తయారీదారే హెల్మెట్ ఇవ్వాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వది చెబుతోంది. వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కమ్మీ, చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు బండికి ఉండి తీరాలని 123వది చెబుతోంది. ఆ గార్డు ఇక్కడ ‘యాక్సెసరీస్’లో చేరి రేటు కట్టించుకుంది. రాజ్యాంగ అధికరణలన్నీ నిద్రలో అప్పజెప్పే మా మేనల్లుడు అప్పటికే బండి అద్దంలో జుట్టు దువ్వుకుంటున్నాడు. గ్రూప్స్ సిలబస్‌లో షోరూము లేదు కదా.

సంతకాలయ్యాయి. మనిషంత అట్టముక్క తాళంచెవి పట్టుకుని ముగ్గురం ఫోటో దిగాం. స్వీటు పెట్టారు. తాడ్‌బండ్ ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించి, వస్తూ మార్కెట్ దగ్గర ఆగాం.

“కొత్త బండా బిడ్డా? ఎంత తగ్గించిండ్రు?” అంది ముసలమ్మ.

బావ గర్వంగా చెప్పాడు.

ఆవిడ కట్టల మీద నీళ్లు చల్లుతూ అంది: “గంతేనా? నా తాన అడిగినట్టు అడగకపోయినవ్?”