బవేరియా బోర్డు కింద సాసేజి

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు డిసెంబరు వచ్చిందంటే ఒక మొక్కు తీర్చుకోవాలి. కొండల్లోని లెవెన్‌వర్త్ అనే ఊరికి వెళ్లి దీపాలు చూడాలి. మంచు కురిసే కనుమదారిలో గంటల తరబడి డ్రైవు, పార్కింగు కోసం ప్రదక్షిణలు, ఆపైన అసలు పరీక్ష: ‘ఇక్కడ అథెంటిక్ జర్మన్ హోటల్ ఏది?’

ఆ ఊరు జర్మన్లు కట్టింది కాదు. కలప మీద బతికిన ఊరు. 1920లలో రైలు దారి మళ్లింది, రంపపు మిల్లు మూతపడింది, ఊరు పాడుబడింది. 1960లలో ఊరివాళ్లు కాలిఫోర్నియాలోని సాల్వాంగ్‌ను చూశారు. డేనిష్ అలంకారం దానికి అన్నం పెడుతోంది. మనకూ వెనకాల కొండలున్నాయి కదా, జర్మనీలోని బవేరియా వేషం కడదామనుకున్నారు. సాల్వాంగ్‌ను స్థాపించింది నిజంగా డేన్‌లే. వీళ్లకు ఆ మాత్రం వంకా లేదు. ఇప్పుడు వ్యాపారమంటూ చేస్తే బవేరియా ముఖం పెట్టుకోవాలని మున్సిపాలిటీ నిబంధన. మెక్‌డొనాల్డ్స్ కూడా పాతకాలపు జర్మన్ వంకర అక్షరాల్లోనే తన పేరు రాసుకుంది.

బతకనేర్చిన ఊరు, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ వేషానికి సర్టిఫికెట్లిచ్చే మనవాళ్లతోనే. బఫేలో బటర్ చికెన్ కనిపిస్తే ‘ఇదా ఇండియన్ ఫుడ్? గోంగూరేది?’ అని లేచే పెద్దమనిషికి, పదహారు రాష్ట్రాల జర్మనీ మొత్తం ఒకటే సాసేజి, ఒకటే బీరు. ఆ దేశంతో ఆయనకున్న బాంధవ్యమల్లా హైదరాబాద్ ఫ్లైటు కోసం ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో కునికిపాట్లు పడటమే. బెర్లిన్‌వాళ్లు సాసేజి మీద కెచప్ పోసి, కర్రీ పౌడర్ చల్లుకుని తింటారు. అక్కడి వీధుల్లో తుర్కీవాళ్లు తెచ్చిన డోనర్ కబాబ్ రాజ్యమేలుతోంది. ఆ రెండూ లెవెన్‌వర్త్‌లో వడ్డిస్తే ఈయన ఒకే ఒక్క నక్షత్రం వేసి వస్తాడు.

తెల్ల సాసేజిని మ్యూనిక్‌లో మధ్యాహ్నంలోపే, తోలు తీసి, తియ్యటి ఆవముద్దతో తింటారు. మనవాడు రాత్రి ఎనిమిదింటికి తోలుతో సహా నమిలి, ‘జస్ట్ లైక్ మ్యూనిక్’ అని ఫొటో పెడతాడు. ఇక ష్నిట్జెల్. ‘వీనర్’ అని రాస్తే జర్మనీలో అది దూడమాంసమే అయి తీరాలి, పందిమాంసమైతే ఆ సంగతి చెప్పాలి. ఇక్కడ మెనూ నోరు మెదపకపోయినా ఈయన అడగడు.

మంచి వంట కావాలంటే కప్పు మీద చెక్కడాలు చూసి లాభం లేదు, స్పెట్స్‌లె చూడాలి. గుడ్లు కొట్టి జారుగా కలిపిన పిండిని మరిగే నీళ్లలోకి, మనం జంతికల గొట్టంతో నూనెలోకి వత్తినట్టు వత్తుతారు. పైకి తేలగానే తీసి వెన్నలో పొర్లిస్తారు. చేత్తో చేసిందైతే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి వంకర. అన్నీ ఒక్క కొలతలో ఉన్నాయంటే ప్యాకెట్టు కత్తిరించారన్నమాట. కాబట్టి డిర్న్‌డల్ గౌను వేసుకుని వడ్డించడానికి వచ్చిన అమ్మాయిని, ‘స్పెట్స్‌లె ఇక్కడే వత్తుతారా?’ అని అడగండి. వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెబితే కూర్చోండి. ‘అంతా అథెంటిక్కేనండీ’ అని నవ్విందంటే లేవండి. కారు డిక్కీలో పులిహోర డబ్బా ఎలాగూ ఉంటుంది.