మునిగిన కారే కొనండి

సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేవాడికి ఊరంతా ఒకే సలహా ఇస్తుంది: వరదలో మునిగిన బండి జోలికి పోవద్దని. నేను చెప్పేది దానికి ఎదురు సలహా. మీది బందరో గుడివాడో దివిసీమో అయి, ఇంటి ముందు ఎండ పడే వాకిలి ఉండి, ఆరేడు నెలలు కారు లేకపోయినా మీకు గడుస్తుందనుకుంటే, మునిగిన కారే కొనండి. మునిగిందని చూడగానే తెలిసేదే, బురద ఇంకా కడగనిదే కొనండి. లారీ మీద ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా బాగుచేసుకోండి. ఎదురింటి బాబాయి వచ్చి "ఇనప కొట్టుకి పోయేదాన్ని ఇంటికెందుకు తెచ్చావురా అబ్బాయ్" అంటాడు. అననివ్వండి.

మన వైపు ఈ మాట ఊరికే పుట్టలేదు. 2024 ఆగస్టు చివర కురిసిన వానలకు బుడమేరు వాగు పొంగింది. సెప్టెంబరు 1 నుంచి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో నానాయి. అప్పుడే కృష్ణకు వచ్చిన వరద ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి వరదను దాటింది. బుడమేరు నీరు కొల్లేరుకు దిగుతూ గుడివాడ పక్కన నందివాడ మండలాన్ని కూడా ముంచింది. సెప్టెంబరు 7న వినాయక చవితి వచ్చేనాటికి సింగ్‌నగర్ సందుల్లో అద్దాల దాకా ఒండ్రు పట్టిన కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో చాలా వాటిని బీమా కంపెనీలు టోటల్ లాస్ కింద రాసేశాయి.

టోటల్ లాస్ అనే మాటకు జనం అనవసరంగా భయపడతారు. అది కారు చనిపోయిందని డాక్టరిచ్చిన సర్టిఫికెట్ కాదు, ఒక లెక్క. రిపేరు ఖర్చు ఆ బండి ఐడీవీలో, అంటే బీమాలో రాసుకున్న విలువలో, 75 శాతం దాటితే, బాగుచేయించడం కంటే డబ్బిచ్చి వదిలించుకోవడమే కంపెనీకి మేలు. రెండేళ్లు దాటి మూడేళ్లు నిండని కారుకు ఐడీవీ లెక్కలో కొత్త ధర నుంచి 30 శాతం తరుగు తీస్తారు. కొత్తలో 6 లక్షలున్న బండికి అప్పుడు ఐడీవీ 4 లక్షల 20 వేలు. షోరూం ఎస్టిమేటు 3 లక్షల 15 వేలు దాటిందంటే ఆ కారు కథ కాగితం మీద ముగిసినట్టే. ఆ ఎస్టిమేటు ఎలా వేస్తారో చూడండి. వైరింగ్ మొత్తం కొత్తది, సీట్లు కొత్తవి, కార్పెట్ కొత్తది, కంప్యూటర్ కొత్తది, ఆల్టర్నేటర్ కొత్తది. తడిసిన ప్రతి వస్తువూ మార్చడమే షోరూం పద్ధతి. వాళ్లను తప్పు పట్టలేం. ఒక్కో కనెక్టరూ విప్పి తుడుచుకుంటూ కూర్చుంటే వాళ్లకు కూలి గిట్టదు. మీకు గిట్టుతుంది. మీరు పెట్టేది డబ్బు కంటే ఎక్కువగా రోజులే.

కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇంజిన్ గురించి కాదు, నీళ్ల గురించి. ఏ నీళ్లలో మునిగింది? ఏటి నీరు, వాన నీరు, కాలవ నీరు అయితే ఆలోచించండి. ఉప్పునీరైతే ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఇది దివిసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ఊళ్లకు ఉప్పు ఏం చేస్తుందో తెలుసు. నాగాయలంకలో బోటు ఇంజిన్లు చూసేవాళ్లను అడిగినా చెబుతారు. మంచినీళ్లలో తడిసిన ఇనుమును ఆరబెట్టి ఆపుకోవచ్చు. ఉప్పు పట్టిన ఇనుము ఆరినట్టు కనిపిస్తూనే లోపల తింటూ ఉంటుంది. రొయ్యల చెరువులో పడి తీసిన బండి కూడా ఉప్పు బండి కిందే లెక్క. నీళ్లు మంచివైనా సరే, ఎలక్ట్రిక్ కార్లూ హైబ్రిడ్లూ వద్దు. మునిగిన పెద్ద బ్యాటరీతో ఇంటి వాకిట్లో ప్రయోగాలు చేయకూడదు.

కడిగి, సీట్లకు షాంపూ పెట్టి, సెంటు కొట్టి అమ్మకానికి నిలబెట్టిన మునిగిన కారు కొనకండి. ధర తక్కువైనా వద్దు. ఆ కారులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే ఒక్క సాక్ష్యాన్నీ కడిగేశారు. బురద బండిలో అయితే తలుపు లోపలి అట్ట మీద, సీటు బెల్టు మీద గోధుమ రంగు గీత ఉంటుంది. బెల్టును చివరిదాకా లాగి చూడండి. మనుషులు సీట్లు కడుగుతారు గానీ బెల్టు పూర్తిగా లాగి కడగరు. గీత సీటు కూర్చునే మట్టానికి కిందే ఆగితే బేరం మొదలుపెట్టండి. డ్యాష్‌బోర్డు దాటి ఉంటే, లోపల ఎలక్ట్రానిక్ సామాను తక్కువున్న పాత తరం మోడల్ అయితే తప్ప వదిలేయండి. ఆ గీతను వెలుతురులో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి దాచుకోండి. వాటితో తర్వాత పనుంది.

స్టార్ట్ అయ్యే కారు కూడా కొనకండి. ఇది వినగానే నవ్వేవాళ్లున్నారు, అయినా నేను గట్టిగానే చెబుతాను. మునిగిన కారు స్టార్ట్ అవుతోందంటే, ఎవరో ఒకరు తొందరపడి సెల్ఫ్ కొట్టారన్నమాట. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి వస్తుంది, నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తోనూ ఇంజిన్ తిరుగుతుంది, కొన్ని నెలలు మీకు నమ్మకం కలిగిస్తుంది, తర్వాత ఏ ఉయ్యూరు దగ్గరో బ్లాక్ పగులుతుంది. అందుకే నీళ్లు దిగాక ఎవరూ తాళం పెట్టని కారు వెతకండి. ఓనర్ని సూటిగా అడగండి: "నీళ్లు తీశాక సెల్ఫ్ కొట్టారా అండీ?" ఇలా కొట్టి ఇంజిన్ పాడుచేసుకుంటే మామూలు పాలసీ డబ్బివ్వదని ఇప్పుడు చాలామందికి తెలుసు. కాబట్టి కొట్టనివాళ్లు ధైర్యంగా లేదంటారు.

ఇక తరలింపు. విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్ల లోపే కదా, తాడు కట్టి లాక్కొచ్చేద్దాం అంటారు మిత్రులు. వద్దు. ఇంజిన్ ఆగిన కారుకు బ్రేకు బూస్టర్ సాయం ఉండదు, పెడల్ రాయిలా ఉంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. నానిన బ్రేకు షూలు ఎప్పుడు పట్టేస్తాయో తెలియదు. ఆటోమేటిక్ గేర్ల బండిని చక్రాల మీద లాగితే గేర్ బాక్స్ కూడా పోతుంది. కాబట్టి ప్లాట్‌ఫాం ఉన్న టోయింగ్ బండే మాట్లాడుకోండి, దాని కిరాయిని కారు ధరలో కలిపే బేరమాడండి. కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామర్రు దాకా అందరికీ ఒకటే దారి. అక్కడ ఎడమకు తిరిగితే గుడివాడ, కుడికి కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, తిన్నగా వెళ్తే బందరు. చెరకు ట్రాక్టర్లు ఉయ్యూరు ఫ్యాక్టరీకి బారులు తీరే నెలల్లో అయితే తెల్లవారుజామునే బయలుదేరండి. టోయింగ్ బండి దొరక్క మామూలు లారీ మీద తెస్తే దించడం కష్టమని కంగారు పడొద్దు. లారీ వెనక భాగాన్ని కాలవ గట్టుకు ఆనించి, మందపాటి బల్లలు వేసి, కారు వెనక్కి జారకుండా చక్రాల కింద దుంగలు పెట్టుకుంటూ నలుగురు మనుషులతో మెల్లగా దించుకోవచ్చు. దించేటప్పుడు లోపల ఒకడు కూర్చుని హ్యాండ్ బ్రేకు పట్టుకుంటాడులే అనుకోకండి, ఆ బ్రేకును నమ్మలేం.

ఇంటికి చేరిన రోజునే చేయాల్సిన పని ఒకటుంది. బ్యాటరీ తీసేయండి. ప్లగ్గులు విప్పండి, డీజిల్ బండి అయితే గ్లో ప్లగ్గులు విప్పండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజిన్‌ను చేత్తో తిప్పండి. నీళ్లుంటే ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్ముతాయి, ముఖం దూరంగా పెట్టుకోండి. ఒక్కో రంధ్రంలో కొంచెం కొత్త ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగాయని అర్థం. ఇంజిన్ ఆయిల్‌తో పాటు గేర్ బాక్స్ ఆయిల్ కూడా వంచేయండి. గేర్ బాక్స్‌కు గాలి తీసుకునే చిన్న గొట్టం ఉంటుంది, వేడి మీద ఉన్నది చల్లబడేటప్పుడు అందులోంచే నీళ్లు పీల్చుకుంటుంది. పెట్రోలు ట్యాంకు కూడా ఖాళీ చేయాలి. అంతే, ఇక ఇంజిన్‌ను కొన్నాళ్లు మరిచిపోండి. అందరూ ముందు ఇంజిన్ మోగించి ఆనందపడాలనుకుంటారు, ఈలోగా కార్పెట్ కింద నీళ్లు నేలరేకును తినేస్తుంటాయి.

సీట్లు నాలుగు బోల్టులతో ఊడి వస్తాయి. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైరు, బెల్టు వైరు ఉంటే బ్యాటరీ తీసి అరగంట ఆగాకే ముట్టుకోండి. కార్పెట్ పైన ఆరినట్టు ఉంటుంది. దాని కింద దూది పరుపు లాంటి పొర ఉంటుంది, దాన్ని పిండితే బకెట్ నిండుతుంది. దాన్ని బాగుచేయాలని చూడకండి, కోసి పారేయండి. తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెల అడుగున రబ్బరు మూతలుంటాయి. అవి ఊడదీస్తే లోపల చేరిన ఒండ్రు ముద్దలుగా రాలుతుంది. సన్నటి గొట్టంతో మంచినీళ్లు పెట్టి, తేట నీరు వచ్చేదాకా కడగండి. మన గాలి తేమ గాలి, పైగా బందరు దగ్గర ఉప్పు గాలి. కవరు కప్పి మూసిపెడితే బండి లోపలే ఉడికిపోతుంది. తలుపులన్నీ తెరిచి ఎండలో పెట్టాలి, సాయంత్రం మంచు దిగేలోపు మూయాలి.

ఇనుముకు పట్టేది తుప్పు, రాగికి పట్టేది చిలుము. మునిగిన కారును ఆఖరికి చంపేది చిలుమే. ఒక్కో కనెక్టరూ విప్పి చూడండి, పిన్నుల మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, చిన్న బ్రష్ ఉంటే చాలు. విప్పేముందు ఫోటో తీసి, నంబరు రాసిన టేపు అంటించండి. నల్లబడిన పిన్ను మార్చాలి, వైరు లోపలి దాకా పచ్చబడి ఉంటే ఆ ముక్క కోసి కొత్తది అతకాలి. విసుగు పుట్టించే పనే, కానీ బండి బతుకు ఇక్కడే తేలుతుంది.

ఇక్కడే మన ప్రాంతానికి ఎవరికీ లేని బలం ఉంది. గుడివాడ, నందివాడ, కైకలూరు వైపు చేపల చెరువుల్లో ఏరేటర్ మోటార్లు ఎప్పుడూ తడుస్తూనే ఉంటాయి. అందుకే మోటారు వైండింగ్ షాపులు సందుకొకటి ఉన్నాయి. మీ ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు, వైపర్ మోటారు, ఏసీ బ్లోయర్ మోటారు మూట కట్టి వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లు విప్పి, వేడి పెట్టి ఆరబెట్టి, అవసరమైతే కొత్త తీగ చుట్టి వార్నిష్ పోసి ఇస్తారు. కారు మెకానిక్ "కొత్తది వేసేయండి సార్" అనే సామాను వీళ్ల చేతిలో బతుకుతుంది. బతకనిదానికి బదులు సామాను దొరికే విజయవాడ ఆటోనగర్ ఉంది.

డబ్బు మిగల్చకూడని చోట్లు కూడా చెబుతాను. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర నేల మీదే ఉంటుంది, కాబట్టి మునిగిన కార్లలో అదే ముందు మునుగుతుంది. దాన్ని ఆరబెట్టి మళ్లీ పెట్టకండి, కొత్తది వేయించండి. గుంజుకునే సీటు బెల్టులు, బ్రేకు షూలు, ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, చక్రాల బేరింగులు, ఏబీఎస్ సెన్సర్లు కొత్తవే కావాలి. వీటికి షోరూం రేటే పెట్టండి. ఈ సామాను కొనలేని బడ్జెట్ అయితే ఈ కారు మీది కాదు.

కాగితాల మాట ఆఖరున చెబుతున్నాను గానీ అడ్వాన్స్ ఇవ్వకముందే చూడాల్సింది ఇదే. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం శాశ్వతంగా పనికిరాని బండి సంగతి ఓనరు 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి చెప్పాలి, అప్పుడు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. కాబట్టి ఆర్‌సీ బతికుందో లేదో పరివాహన్ వెబ్‌సైట్‌లో చూడండి, రద్దయితే ఆ బండి సామాన్ల కోసమే తప్ప రోడ్డు కోసం కాదు. చాసిస్ నంబరు మీద బురద తుడిచి, పెన్సిల్ ప్రింట్ తీసి ఆర్‌సీతో సరిచూడండి. ఒక బండి ఆర్‌సీని మరో దొంగ బండికి తగిలించే వ్యాపారం ఇలాంటి టోటల్ లాస్ కార్ల చుట్టూనే తిరుగుతుంది. కారు లేకుండా ఆర్‌సీ ఒక్కటే అమ్ముతానన్నవాడి ముఖం చూడకండి. పేరు మార్పుకు ఫారం 29, 30, అప్పుంటే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 కావాలి. ఇంజిన్ మార్చాల్సి వస్తే రవాణా శాఖ అనుమతితో ఆర్‌సీలో ఎక్కించాలి. పాత పాలసీ క్లెయిమ్‌తోనే ముగిసి ఉంటుంది. కొత్త బీమా చేతికొచ్చాకే, అది థర్డ్ పార్టీ ఒక్కటే అయినా సరే, బండిని గేటు దాటించండి.

ఇంత చేసి, నాలుగు డబ్బులు వస్తాయని ఆ కారు అమ్మకండి. లాభం కోసం బాగుచేసేవాడికి ఈ సలహాలేవీ పనికిరావు, వాడు కార్పెట్ కింద దాకా వెళ్లడు. ఇది మీరు తిరగడానికి, మీ పిల్లలు ఎక్కడానికి చేసుకునే బండి. ఎప్పుడైనా తప్పనిసరై అమ్మాల్సి వస్తే, నీటి గీత ఫోటోలు ముందు చూపించండి, ఏం మార్చారో ఏం మార్చలేదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ధర తగ్గుతుంది, తగ్గించే ఇవ్వండి.