సిగ్మాకు తోక మొలిచింది

మొన్న మనవడు ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి ప్రూఫు చూడమన్నాడు. లేటెక్‌లో వాడే కంపోజ్ చేసుకున్నాడట. స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశా. సిగ్మాకు కింద తోక వేలాడుతోంది!

"ఇదేమిట్రా?"

"సిగ్మాయే తాతయ్యా. గ్రీకు భాష ఫాంటులోంచి తెచ్చా, నిటారుగా బాగుందని."

ఆ ఫాంటు గ్రీకు చదువుకునేవాళ్ల కోసం చేసింది. ఆ భాషలో మాట చివర వచ్చే సిగ్మాకు తోక ఉంటుంది. ఒంటరిగా కనబడ్డ సిగ్మాను మాట చివరి అక్షరమనుకుని అది తోక తగిలించింది. పాపం, దాని తప్పేముంది?

మా రోజుల్లో బెజవాడ ప్రెస్సులో గ్రీకు సీసం ఓ చిన్న కేసులో ఉండేది. ఇంటర్ లెక్కల పుస్తకం వచ్చిందంటే ఫోర్‌మన్ లెక్కపెట్టి ఇచ్చేవాడు. సంకలనం గుర్తు వేరు, పెద్ద సిగ్మా అక్షరం వేరు. ఒకదాని బదులు ఇంకోటి పెడితే వేళ్ల మీద దెబ్బ పడేది. ఆ గుర్తు కింద 'ఐ ఈక్వల్‌టూ ఒకటి', నెత్తిన 'ఎన్' నిలబెట్టి, చుట్టూ ఖాళీ నింపే క్వాడ్లు బిగించేసరికి భోజనాల వేళ దాటిపోయేది. నాబ్లా గుర్తు లేకపోతే డెల్టాను తలకిందులుగా పెట్టిన రోజులూ ఉన్నాయనుకోండి. అది లేక చేసిన పని.

ఇప్పటి పిల్లలకేం లేదని? తన పుస్తకం ప్రూఫులు నచ్చక 1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ కనూత్ ఈ లేటెక్‌కు మూలమైన టెక్ మొదలుపెట్టాడు. లెక్కల అక్షరాలకు వేరే ఫాంటు, ఘాతం ఎంత ఎడంగా కూర్చోవాలో కొలతలతో సహా చేసిపెట్టాడు. యూనికోడ్‌లోనూ సంకలనం గుర్తుకూ పెద్ద సిగ్మాకూ నంబర్లు వేరు. రెండు డాలర్ల మధ్య బాక్‌స్లాష్ కొట్టి సిగ్మా అంటే చాలు, వచ్చి కూర్చుంటుంది. అదీ బద్ధకమే!

డీటీపీ వచ్చిన కొత్తలోనూ ఇదే గోల. సింబల్ ఫాంటులో 'ఎమ్' కొడితే మ్యూ పడేది. ఓసారి ఫార్మసీ నోట్సు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే ఫాంటు ఎగిరిపోయి, మైక్రోగ్రాములన్నీ మిల్లీగ్రాములై కూర్చున్నాయి. మందు వెయ్యి రెట్లు! మర్నాడు పొద్దున్నే అచ్చు. రాత్రి పదకొండింటికి ఎర్ర పెన్నుతో ఒక్కో ఎమ్ముకూ సున్నా చుట్టా.

మనవడు గొణుక్కుంటూ సరిచేశాడు.

"ఇప్పుడు వాలిపోయింది చూడు."

"లెక్కల్లో అక్షరం వాలుగానే ఉంటుందిరా."

"మరి పెద్ద సిగ్మా నిటారుగా ఎందుకుంది?"

"ఆ కనూత్‌నే అడుగు" అని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నా.