లింటెల్ లెవెల్ పెద్దాయన

అంగన్‌వాడీ బిల్డింగు కట్టించే పెద్దాయనను గుర్తుపట్టడం తేలిక. గిద్దలూరు బజారులో సిమెంటు కొట్టు ముందు బండి ఆపి, దిగకుండానే "ఈ సోమవారం బిల్లు పడతాదన్నా, ఇంకో ఇరవై బస్తాలు ఏపిచ్చు" అంటున్నవాడు ఆయనే. కాయితాల్లో మాత్రం ఆయన ఎక్కడా ఉండడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కాంట్రాక్టరన్నవాణ్ణి గడప తొక్కనివ్వలేదు. ఈ బిల్డింగుల డబ్బులో పెద్ద వాటా వచ్చేది ఆ పథకం నుంచే. కాబట్టి కడుతున్నది పంచాయతీ, కొలుస్తున్నది ఏఈ, తట్ట మోస్తున్నది జాబ్ కార్డున్న కూలీలు. ఈయన ఊరికే అటుగా వచ్చాడు. మూడేళ్లుగా రోజూ అటుగానే వస్తున్నాడు.

ఊరు ఆయన్ను దొంగ అంటుంది. నా లెక్కలో ఆయన ప్రభుత్వానికి అప్పిచ్చిన షావుకారు. 2022లో కేంద్రం ఒక్కో బిల్డింగుకు 12 లక్షలు ఖరారు చేసింది: ఉపాధి హామీ నుంచి 8, పదిహేనో ఆర్థిక సంఘం నుంచి 2, స్త్రీ శిశు సంక్షేమ శాఖ నుంచి 2. మూడు గుమ్మాలు, మూడు తాళాలు. అందులో మొదటి గుమ్మానికి ఇంకో మెలిక ఉంది. ఉపాధి హామీలో సామగ్రి ఖర్చు నూటికి నలభై దాటకూడదు, ఆ లెక్క జిల్లా మొత్తం మీద చూస్తారు. బిల్డింగంటే సిమెంటు, ఇనుము, కంకర. కూలి అందులో ఏపాటి? కనుక జిల్లాలో ఎక్కడో చెరువు పూడిక తీసినవాళ్ల మస్టర్లు నిండితేనే ఈయన ఇనుముకు డబ్బు పుడుతుంది. ముఖం కూడా ఎరగని కూలీల ఆరోగ్యం కోరి టెంకాయ కొట్టే భక్తుడు జిల్లాలో ఈయనొక్కడే. బిల్లు వచ్చేదాకా కొట్టువాడికి వడ్డీ కట్టేదీ ఈయనే.

లాభం లేనిదే వరదన పోతాడా అంటారు. పోడు. సిమెంటు పాలు కాస్త తగ్గిస్తాడు, క్యూరింగు నీళ్లు ఇంకాస్త తగ్గిస్తాడు. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లో కొత్త స్లాబు మీద రోజూ నీళ్లు నిలబెట్టమంటే జనం ఆయన్నే నిలబెడతారు, అది వేరే సంగతి. ఏఈ దగ్గరుండి కట్టించకూడదా అని ఇంకో ప్రశ్న. ఏఈ ఎం-బుక్కులో కొలత రాస్తాడు. రేపు రాబోయే డబ్బుకు ఇవాళ సిమెంటు కొనడం ఏ ఉద్యోగి పనీ కాదు. నిబంధనలు రాసినవాళ్లు ఆ ఒక్క కుర్చీ ఖాళీగా వదిలారు, ఈయన తువ్వాలేసి కూర్చున్నాడు. ఆలస్యమంటారా, వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చూసిన ప్రాంతంలో మూడేళ్లను ఎవరూ ఆలస్యం కింద జమకట్టరు.

నాకు ఆయన మీదున్న ఫిర్యాదు వేరు. బేస్‌మెంట్ లెవెల్, లింటెల్ లెవెల్, రూఫ్ లెవెల్ అని బిల్లు పడే ఎత్తులన్నీ ఆయనకు కంఠస్థం. మూడేళ్ల పిల్లాడి ఎత్తుకు బిల్లు లేదు గనక అది మాత్రం తెలియదు. మెట్టు మోకాలు దాటుతుంది, కుళాయి తల దాటుతుంది. దేశానికి పలకలు పంపిన మార్కాపురం పక్కనే నల్లబల్లను టీచరమ్మ నెత్తి మీద బిగిస్తాడు. శిలాఫలకాన్ని మాత్రం కచ్చితంగా కళ్లెదురుగా పెట్టిస్తాడు, దాని మీద సర్పంచి అయిన భార్య పేరుంది మరి. శంకుస్థాపన నాడు చాక్లెట్ తిన్న పిల్లలు ఈలోగా ఒకటో తరగతికి పోయారని ఎవరైనా ఎత్తిపొడిస్తే ఆయన నొచ్చుకోడు. "పోనీలే సామీ, ఆ ఇస్కూలుకు ప్రహరీ గోడ సాంక్షనైంది. అదీ మనమే చూస్తాండాం."